సీనాయి కొండ దిగువన



మన గుండ్లపోచంపల్లి చుట్టుపట్ల గుట్టలను ఒక్క గడియలో ఎక్కి దిగవచ్చును. సీనాయి కొండ అట్టిది కాదు. ఐగుప్తు ఎడారిలో 2285 మీటర్ల ఎత్తున నిలిచిన రాతికొండ అది. అరబ్బులు దానిని జెబెల్ మూసా, అనగా మోషే కొండ, అందురు.

6వ శతాబ్దములో జస్టీనియన్ చక్రవర్తి కట్టించిన సెయింట్ కేథరిన్ మఠము వద్ద నడక మొదలగును. దారిలో నీడ బహు తక్కువ. అందుచేత అనేకులు అర్ధరాత్రి దాటిన తరువాత బయలుదేరి, సూర్యోదయమునకు శిఖరము చేరి, ఎండ ముదరకముందే దిగుదురు. కంబళి, నీళ్లు, టార్చిలైటు తప్పక ఉండవలెను. ఒంటెమీద వెళ్లినవారైనను చివరి 750 మెట్లు కాలినడకనే ఎక్కవలెను.

మా యాత్రలో పాలు అమ్మి కూడబెట్టిన డబ్బుతో వచ్చిన ఒక వృద్ధురాలు ఉండెను. మోకాళ్ల నొప్పులవలన ఆమె దిగువనే ఆగిపోయెను.

“గింత దూరమొచ్చి కొండ ఎక్కకపోతిని అయ్యగారూ” అని కంటతడి పెట్టెను.

“అమ్మా, నిర్గమకాండము 19వ అధ్యాయము జ్ఞాపకము చేసుకోండి. ఆ దినమున ఇశ్రాయేలు జనులు నిలిచినది కొండ దిగువనే గదా! ఎక్కిన మోషే దేవుని మాటలను వారియొద్దకే తెచ్చెను” అంటిని. ఆమె ముఖము తేటపడెను.

ఎక్కగలిగినవారము ఉత్త చేతులతో దిగరాదు. మన కొరకు దిగువన కనిపెట్టుచున్న పెద్దలున్నారు.