ఇక రానక్కర్లేని గది

మన ఇళ్లలో గడప దాటేవారు ‘వెళ్తాను’ అనరు, ‘వెళ్లొస్తాను’ అంటారు. పొరపాటున ‘వెళ్తాను’ అంటే పెద్దవాళ్లు ఊరుకోరు. అలాంటి మనకి, ఇక రానక్కర్లేని చోటు నుంచి లేచి రావడం ఎంత కష్టం!

మనోవిశ్లేషణ చికిత్స ముగిసే రోజు అలాంటిదే. మంగళగిరి నుంచి వారం వారం కృష్ణ దాటి బెజవాడ వెళ్లే ఓ గృహిణిని ఊహించుకోండి. రెండేళ్లుగా అదే గది, అదే కుర్చీ. తోబుట్టువులకి కూడా చెప్పుకోలేనివి అక్కడ చెప్పుకుంది. ఇప్పుడు గుండెదడ తగ్గింది, నిద్ర పడుతోంది. ‘మూణ్నెల్లలో ముగిద్దామా?’ అని డాక్టరమ్మ అడిగితే సంతోషించాలి కదా! కానీ ఆ రాత్రే నిద్ర కరవవుతుంది. మళ్లీ దడ మొదలవుతుంది. ఓ వారం వెళ్లడం మానేస్తుంది. ‘నన్ను వదిలించుకుంటోంది’ అని కోపం. ఆ కోపం వచ్చినందుకు సిగ్గు.

రోగం తిరగబెట్టిందని ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. చాలాసార్లు అది ఎడబాటు తెచ్చే బెంగ. ఆమె తల్లి హఠాత్తుగా పోయింది, చివరిచూపు దక్కలేదు. అప్పుడు రాని ఏడుపు ఇప్పుడు డాక్టరమ్మ ముందు వస్తోంది. తేడా ఒక్కటే... ఈసారి విడిపోయే రోజు ముందే తెలుసు. చెప్పాల్సింది చెప్పే వీలుంది. కోపాన్ని కూడా.

చివరి రోజును ముందే అనుకోవడం కొత్తేమీ కాదు. 1914లో ముగిసిన ఓ రష్యన్ యువకుడి చికిత్సకు ఫ్రాయిడ్ ముందుగానే గడువు పెట్టాడు. గడువు దగ్గరపడేకొద్దీ అంతవరకూ పెగలని మాటలు పెగిలాయి. అయినా ఆ యువకుడు తర్వాత మళ్లీ చికిత్సకు రావాల్సి వచ్చింది. అసలు విశ్లేషణకు ముగింపనేది ఉందా అని 1937లో ఫ్రాయిడే ఓ వ్యాసం రాశాడు.

మంగళగిరి కొండమీద పానకాలస్వామి ఎంత పానకం పోసినా సగం తాగి, సగం ప్రసాదంగా తిరిగి ఇచ్చేస్తాడని నమ్మకం. ఆ గదిలో చెప్పుకున్న బాధా అంతే. కొంత అక్కడే ఉండిపోతుంది, మిగతాది మనతో ఇంటికొస్తుంది. కాకపోతే అప్పటికి దాన్ని మోసే బలం వచ్చి ఉంటుంది.

అందుకే అలాంటి వాళ్లు ఇంట్లో ఉంటే ‘నయమైందిగా, ఇంకేంటి ఏడుపు’ అనకండి. ఆ నాలుగు రోజులు కాస్త దిగులుపడనివ్వండి. దిగులు ఎంతకీ తగ్గకపోయినా, బతకాలని లేదన్నా, వెంటనే డాక్టరుకి చెప్పండి. చికిత్స ముగిసినంత మాత్రాన మళ్లీ వెళ్లకూడదని ఎక్కడా లేదు.