బ్యాటరీ మీద నింద

7 ఏప్రిల్ 2025, సోమవారం, జగిత్యాల

ఒంటిపూట బడి ముగించుకొని కోరుట్ల నుంచి ఇల్లు చేరేసరికి ఒకటింబావు. పొద్దున 74 శాతంతో బయలుదేరిన కారు రానూపోనూ 50 కిలోమీటర్లకే 38కి దిగింది. అంటే శాతానికి 1.4 కిలోమీటర్లు. కొన్న కొత్తలో 2 వచ్చేది. నిండా చార్జి చేస్తే 200 పోయే బండి ఇప్పుడు 140 కూడా దాటేలా లేదు.

చార్జింగూ అట్లాగే ఉంది. నిన్న రాత్రి తొమ్మిదింటికి 30 శాతం మీద ప్లగ్గు పెడితే పొద్దున ఆరింటికి 74. ఇదే 15 ఆంపియర్ల సాకెట్ మీద ఒకప్పుడు తెల్లారేసరికి నిండిపోయేది.

చూపించడానికి తీసుకుపోయిన చోట ఒకతను డాష్‌బోర్డు చూసి "బ్యాటరీ వీకయింది సార్" అన్నాడు. ఏ మీటరూ పెట్టలేదు. మా ఆవిడ చిట్టీ డబ్బులు కలిపి కొన్న బండి ఇది. ఆ మాట విన్నప్పటి నుంచి అన్నం సయించడం లేదు. 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది, నాలుగో ఏడే నడుస్తోంది. అయినా దిగులు తీరడం లేదు.

9 ఏప్రిల్, బుధవారం

పంక్చరు షాపులో గాలి చూపించాను. డోరు పక్క స్టిక్కరు మీద 33 అని ఉంది. ముందువి 27, వెనుక కుడిది 26, ఎడమది 23. పెట్రోలు బండికి నెలనెలా గాలి కొట్టించేవాడిని. దీనికి బంకు ముఖమే చూడను కాబట్టి గాలి సంగతీ మరచిపోయాను. నాలుగూ సరిచేశాక అదే 50 కిలోమీటర్లకు 33 శాతం పోయింది. కొంత కలిసొచ్చింది కానీ రోగం ఇంకెక్కడో ఉంది.

12 ఏప్రిల్, శనివారం, సిరిసిల్ల

సోమవారం అంబేడ్కర్ జయంతి, మూడు రోజుల సెలవు. అక్క ఇంటికి వచ్చాం. ఈ రోజు హనుమాన్ జయంతి, కొండగట్టుకు పోయే మాలధారులతో దారి కాషాయమైంది. 40 దాటకుండా నెమ్మదిగా వచ్చాను. నెమ్మదిగా పోతే కరెంటు తక్కువ తినాలి. కానీ వేములవాడ మీదుగా సుమారు 60 కిలోమీటర్లకు 40 శాతం తిన్నది. 71తో బయలుదేరి 31తో దిగాం.

బావ సాంచాలు (మరమగ్గాలు) నడుపుతాడు. బండి ఆగగానే కాళ్లు కడుక్కోమని కూడా అనకుండా చుట్టూ తిరిగి, ఒక్కో చక్రం మీద చేతి వెనుక భాగం ఆనించి చూశాడు. వెనుక ఎడమ చక్రం దగ్గర చెయ్యి చటుక్కున తీసేశాడు.

"గిదేంది బామ్మర్దీ, మూడు సల్లగున్నయి, ఇదొక్కటే కాలుతుంది. బ్రేకు పట్టుకున్నట్టుంది. సాంచా మోటరు వేడెక్కితే ముందుగాల మోటరును తిట్టొద్దు, బెల్టు బిగుసుకున్నదా చూడాలె."

నేను కూడా ఆనించి చూశాను. ఇస్త్రీపెట్టెను ముట్టినట్టే ఉంది.

13 ఏప్రిల్, ఆదివారం

ఈ ఊళ్లో కరెంటు ఇచ్చేది 1970లో మొదలైన సహకార సంఘం, జనం నోట్లో "సెస్". వాడుకదార్లే ఓట్లేసి పాలకవర్గాన్ని ఎన్నుకుంటారు. రాత్రి పక్క షెడ్డులో సాంచాల చప్పుడు వినబడుతుండగానే బావ మల్టీమీటరుతో సాకెట్ చూశాం. కారు చార్జి అవుతున్నప్పుడు కూడా 228 వోల్టులు. పొద్దున లేచి చూస్తే 31 కాస్తా 97.

అదే కారు, అదే కేబుల్, అదే బ్యాటరీ. మరి తేడా మా ఇంట్లోనే ఉండాలి.

మధ్యాహ్నం మెకానిక్ ఆ చక్రం డ్రమ్ము విప్పాడు. హ్యాండ్‌బ్రేకు కేబుల్ తుప్పుపట్టి వెనక్కి రావడం లేదు, బ్రేకు షూ డ్రమ్మును రాచుకుంటూనే ఉంది. ఎలక్ట్రిక్ కారులో కాలు తీయగానే మోటరే జనరేటరై బండి వేగాన్ని తగ్గిస్తుంది, ఆ కరెంటును బ్యాటరీకి తిరిగి పంపుతుంది. అందుకే అసలు బ్రేకులకు పని తక్కువ. పని లేని బ్రేకు వానాకాలం తడికి బిగుసుకుపోయింది. శుభ్రం చేసి కేబుల్ మార్చాడు.

14 ఏప్రిల్, సోమవారం

తిరుగు ప్రయాణం. ఏసీ వేసుకొని వచ్చినా అదే 60 కిలోమీటర్లకు 33 శాతమే పోయింది.

16 ఏప్రిల్, బుధవారం, జగిత్యాల

బావ మల్టీమీటరు తెచ్చుకున్నాను. యాసంగి మోటార్ల వల్ల వోల్టేజి పడిపోతుందనుకుంటూ ఇన్నాళ్లూ ఊరి కరెంటును తిట్టుకున్నాను. కారు 10 ఆంపియర్లు తీసుకుంటున్నప్పుడు ఇంటి మీటరు దగ్గర 216, సాకెట్ దగ్గర 193. మధ్యలో 23 వోల్టులు మాయం. 23ను 10తో గుణిస్తే 230 వాట్లు. ఆ వేడి అంతా రాత్రంతా గోడలోనే. ఆ గోడకు ఆనుకొనే మా పాప మంచం.

కరెంటు పని చేసే తమ్ముడు వెంటనే వచ్చాడు. సాకెట్ విప్పితే కాలిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. ఫేజు స్క్రూ రెండు చుట్లు వదులుగా ఉంది, పక్కన బొగ్గులా నలుపు. గోడలో పాత సన్నటి వైరు, దాని మధ్యలో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు. ప్లగ్గు వేడెక్కినా, వోల్టేజి దిగినా చార్జర్ తనంతట తాను కరెంటు తగ్గించుకుంటుంది. మెల్లగా ఎక్కడానికి కారణం అదే. నేను విసుక్కున్న ఆ నిదానమే మమ్మల్ని కాపాడింది.

మీటరు నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, విడిగా ఎంసీబీ, కొత్త సాకెట్. ఎండకు పగుళ్లిచ్చిన ఎర్తింగ్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోశాం. ఇప్పుడు మీటరు దగ్గర 217, సాకెట్ దగ్గర 215.

21 ఏప్రిల్, సోమవారం

కరీంనగర్ దారిలోని ఫాస్ట్ చార్జర్ బోర్డు మీద 60 కిలోవాట్లని ఉంది. మా కారు గరిష్ఠంగా తీసుకునేది 25. మండుటెండలో నడిపి వెళ్లి పెడితే 17 దాటలేదు. చల్లబడ్డాక రాత్రి ఎనిమిదింటికి 24 వచ్చింది. వేడెక్కిన బ్యాటరీ తనను తాను కాపాడుకుంటుంది, అది జబ్బు కాదు.

23 ఏప్రిల్, బుధవారం

బడి ఆఖరి రోజు. 50 కిలోమీటర్లకు 27 శాతం. రాత్రి తొమ్మిదింటికి 30తో పెడితే పొద్దున ఆరింటికి 98. లెక్కన నిండా చార్జికి 185 కిలోమీటర్లు. మిగతా 15 బ్యాటరీ వయసుకూ ఏప్రిల్ ఎండకూ పోతాయి. వాటి గురించి నాకు బాధ లేదు.

స్టాఫ్‌రూంలో ఒక సార్ పోయిన నెలే ఎలక్ట్రిక్ కారు కొన్నారు. 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు లేవని ఇంకా చాలామంది కొనబోతున్నారు. ఆయన చార్జింగు పెడుతున్నది ముప్పై ఏళ్ల పాత ఇంట్లో, గీజరు సాకెట్‌కు. రేపు సాయంత్రం మల్టీమీటరు పట్టుకొని వాళ్లింటికి పోతున్నాను.