బస్టాపు దాకా

తెల్లారి ఆరింటికి కాఫీ గ్లాసు పట్టుకుని రెండో అంతస్తు బాల్కనీలోకి వచ్చి నిలబడటం ఆవిడకు అలవాటు. కింద పేపరు కుర్రాడు పోతుంటాడు. పాల ప్యాకెట్ల ట్రేలు దిగుతుంటాయి. ఎదురు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ బకెట్టు నీళ్లతో కార్లు కడుగుతుంటాడు. రోడ్డుకి ఈ పక్కా ఆ పక్కా కార్లే. మధ్యలో మిగిలిన సందులోంచి స్కూటర్లు, ఆటోలు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతుంటాయి. కాఫీ అయిపోతుంది. ఆవిడ ఎదురుచూసేది మాత్రం రాదు. ఆవిడ ఎదురుచూసేది బస్సు కోసం.

కూకట్‌పల్లి హౌసింగ్‌బోర్డు దాటి లోపలికి వెళ్తే వచ్చే కాలనీల్లో అదొకటి. ఏడాది కిందటి వరకు అక్కడికి రోజుకు ఆరు ట్రిప్పులు సిటీ బస్సు వచ్చేది. నీళ్ల ట్యాంకు దగ్గర తిరిగి, ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ మెయిన్‌రోడ్డుకి పోయేది. ఒకరోజు రాలేదు. మర్నాడూ రాలేదు. వారం తర్వాత ఎవరో చెప్పారు, ఇక రాదట అని. కాలనీలో చాలామందికి ఆ సంగతి తెలియనే లేదు. వాళ్లకు కార్లున్నాయి, బళ్లున్నాయి. తెలిసిందల్లా నలుగురైదుగురు ముసలివాళ్లకు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లకు, ఇంటర్ చదివే పిల్లలకు.

ఆవిడది అనంతసాగరం. నెల్లూరు జిల్లాలో ఆత్మకూరు దాటాక, పెన్న మీది సోమశిల డ్యాముకు పోయే దారిలో ఉంటుంది. ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆవిడకు గోడ గడియారంతో పెద్దగా పని పడలేదు. పొద్దున సోమశిల బస్సు హారన్ వినపడితే పొయ్యి మీద ఎసరు పెట్టాలి. మధ్యాహ్నం బస్సు దిగి పిల్లలు వస్తే అన్నం వడ్డించాలి. రాత్రి ఆఖరి బస్సు పోయిందంటే తలుపు గడియ పెట్టాలి. బస్సులు తక్కువే. కానీ పరిగెత్తి వచ్చే మనిషిని చూస్తే డ్రైవరు ఆపేవాడు. "మా అత్త వస్తుండాదయ్యా, ఒక్క నిమిషం" అని ముందు ఎక్కినవాళ్లు చెబితే ఆ నిమిషం దొరికేది.

నెల్లూరులో ఆత్మకూరు బస్టాండు అని ఒకటుంది. (అది ఉండేది ఆత్మకూరులో కాదు, నెల్లూరులోనే. కొత్తవాళ్లు ఇక్కడే తికమకపడతారు.) కంటి డాక్టరైనా, పెళ్లి చీరలైనా, కూతురి పురుడైనా ఆవిడ లోకమంతా ఆ బస్టాండులో దిగి, మళ్లీ అక్కడే ఎక్కడంతో జరిగిపోయింది. భర్త ఉన్నప్పుడూ ఒక్కతే పోయివచ్చేది. ఆయన పోయాక కూడా రెండేళ్లు ఊళ్లోనే ఉంది. తర్వాత ఒకరోజు స్నానాల గదిలో కాలు జారింది. ఎముక విరగలేదు కానీ, కొడుకు భయపడి కారేసుకుని వచ్చాడు. ఇంటికి తాళం వేసి హైదరాబాదు తీసుకొచ్చాడు.

ఇక్కడ ఆవిడకు లోటేమీ లేదు. కోడలు మంచి పిల్ల. కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగాలకు పోతారు. మనవరాలు ఐదో తరగతి. పగలంతా టీవీ, ఫ్యాను, తనూ. చెల్లెలు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటుంది. పదిహేను రోజులకోసారి చెల్లెల్ని చూసి రావడం ఒక్కటే ఆవిడ అడిగింది.

దూరం సంగతి చూస్తే దిల్‌సుఖ్‌నగర్ నగరానికి ఆ కొసన ఉంటుంది. అయినా ఆ దూరం ఆవిడకు లెక్కే కాదు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పొడిగించాక, హౌసింగ్‌బోర్డు దగ్గర ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్‌లోనే దిగొచ్చు. పైకి పోవడానికి లిఫ్టు ఉంది. లోపల చల్లగా ఉంటుంది. సీట్లో కూర్చున్న కుర్రాళ్లు ఈవిడ్ని చూసి లేస్తారు, కొందరైనా. ముప్పావు గంటలో చెల్లెలి స్టేషను వస్తుంది. స్టేషన్ల పేర్లు మైకులో తెలుగులోనూ చెబుతారు కాబట్టి దిగేచోటు తప్పిపోతుందనే భయం లేదు.

కష్టమంతా మెట్రోకి ముందున్న కిలోమీటరున్నరలో ఉంది.

ఇంటి గేటు దాటగానే ఫుట్‌పాత్ ఉంటుంది. ఉంటుందంటే, పది గజాలు ఉంటుంది. తర్వాత ఎవరిదో ర్యాంపు, ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్, ఆ తర్వాత ఇస్త్రీ బండి. రోడ్డు మీదికి దిగాలి. రోడ్డు అంచున కార్లు కాబట్టి నడిరోడ్డులో నడవాలి. రెండో మలుపులో మ్యాన్‌హోల్ వారానికి రెండుసార్లు పొంగుతుంది. అక్కడ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, మరో చేత్తో గోడ పట్టుకుని దాటాలి. చెత్తకుండీ దగ్గర ఏడెనిమిది కుక్కలుంటాయి. పగలు పడుకుంటాయి, సాయంత్రం లేస్తాయి. అందుకని సాయంత్రం ఐదులోపల ఇంటికి చేరాలి. అంటే చెల్లెలి దగ్గర మూడింటికే లేవాలి. పక్క వీధిలోంచి అడ్డదారి ఒకటుండేది. దొంగతనాలు జరుగుతున్నాయని ఆ వీధివాళ్లు గేటు పెట్టి తాళం వేశారు. దొంగలు ఆగారో లేదో కానీ ఆవిడ మాత్రం ఆగిపోయింది.

నగరం ఆ చివరికి ముప్పావు గంట, వీధి చివరికి ముప్పావు గంట!

షేర్ ఆటోలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. నలుగురు ఎక్కేదాంట్లో ఏడుగురు ఎక్కుతారు. డ్రైవరు పక్కన ఒక కాలు బయటపెట్టి కూర్చోవడం ఆ వయసులో కుదరదు. యాప్‌లో బండి బుక్ చేస్తానంటాడు కొడుకు. ఒకసారి ఆఫీసు నుంచే చేశాడు కూడా. డ్రైవరు ఆవిడకు ఫోన్ చేసి, "లొకేషన్‌కి వచ్చిన, మీరెక్కడున్నరు?" అన్నాడు.

"ఇంట్లోనే ఉండా నాయనా."

"ఇల్లు ఎక్కడమ్మా?"

"ఈడే."

అతను రెండు నిమిషాలు వెతికి రైడ్ క్యాన్సిల్ చేశాడు. ఇందులో ఎవరి తప్పూ లేదు. 'ఈడే' అంటే ఎక్కడో ఊళ్లో అందరికీ తెలుసు. ఇక్కడ తెలియదు, అంతే.

ఇంకో చిక్కు ఆవిడ ఆధార్ కార్డులో ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్. అయితే కార్డులో తెలంగాణ చిరునామా ఉండాలి. ఆవిడ కార్డు మీద అనంతసాగరం ఉంది. కండక్టరు కార్డు అటూ ఇటూ తిప్పి, "పెద్దమ్మా, ఇది ఆంధ్రా అడ్రస్. టికెట్ తీస్కోవాలె" అంది నవ్వుతూ. చుట్టూ అందరికీ సున్నా టికెట్లు, ఈవిడకు డబ్బుల టికెట్. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చాక ఊరికి పోయినప్పుడు నెల్లూరు నుంచి అనంతసాగరం దాకా పల్లెవెలుగులో ఉచితంగానే పోయింది. రాష్ట్రం దాటే బస్సుకు మాత్రం ఏ పథకమూ లేదు. నెల్లూరు దాకా డబ్బు పెట్టుకోవలసిందే.

"అడ్రస్ మార్పించేస్తానుమా" అన్నాడు కొడుకు.

"వద్దబ్బయ్యా" అంది.

పింఛను, ఓటు, తాళం వేసిన ఇల్లు, అన్నీ ఆ కార్డులోనే ఉన్నాయని ఆవిడకు తెలుసు. బస్సు టికెట్టు కోసం ఊరు మార్చుకుంటారా ఎవరైనా? కొడుక్కి అది మొండితనంలా కనిపించింది. కోడలికి అర్థమైంది. పుట్టింటి ఇంటిపేరు మార్చుకున్న మనిషి కదా.

బస్సుల సంగతికి వస్తే, హైదరాబాదుకు అవి కొత్తేమీ కాదు. నిజాం కాలంలో, 1932లోనే 27 బస్సులతో మొదలయ్యాయి. అప్పటి ఊరు వేరు. 2007లో చుట్టుపక్కల 12 మునిసిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేసేసరికి నగరం 625 చదరపు కిలోమీటర్లయింది. అంతకుముందు కూకట్‌పల్లి కూడా విడిగా ఒక మునిసిపాలిటీనే. 2003లో ఎంఎంటీఎస్ రైళ్లొచ్చాయి, 2017లో మెట్రో వచ్చింది. అవి పట్టాలున్న చోటే పోతాయి. ఇంటి దగ్గరికి రాగలిగింది బస్సొక్కటే. 2019 అక్టోబరులో మొదలైన ఆర్టీసీ సమ్మె నెలన్నర పైన సాగింది. మర్నాడు సంవత్సరం కరోనా. మార్చిలో ఆగిన సిటీ బస్సులు సెప్టెంబరు చివరికి గానీ తిరగలేదు. ఆ రోజుల్లో బస్సును నమ్ముకోవడం మానేసిన వాళ్లు ఎంతోమంది. అప్పు చేసైనా బండి కొన్నారు. కొన్న బండి ఇంట్లో ఉంటే, ఇక బస్సు ఎందుకెక్కుతారు? ఎక్కేవాళ్లు తగ్గితే ట్రిప్పులు తగ్గుతాయి. ట్రిప్పులు తగ్గితే మిగిలినవాళ్లూ బండి కొంటారు. ఆ బళ్లన్నీ ఎక్కడో ఒకచోట ఆగాలి కదా. అవి ఆగింది కాలనీ రోడ్ల మీదే.

ఈ మాట కాలనీ సంక్షేమ సంఘం వాళ్లకు మొదట తట్టలేదు. ఆడవాళ్లు పట్టుబట్టగా బస్సు కావాలని ఒక అర్జీ రాశారు. ఎనభై మంది దాకా సంతకాలు పెట్టారు. అందులో బస్సెక్కేవాళ్లు ఇరవై మంది ఉంటారేమో. మిగతావాళ్లు మొహమాటానికి పెట్టారు. డిపో నుంచి ఒకాయన వచ్చాడు. విసుక్కోలేదు, పెద్దమనిషిలాగే మాట్లాడాడు. నీళ్ల ట్యాంకు దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు.

"పదకొండు మీటర్ల బండి సార్. ఇక్కడ తిప్పడానికి మా డ్రైవరు నాలుగుసార్లు వెనక్కీ ముందుకీ కొట్టేవాడు. ఒకరోజు ఎవరి కారుదో అద్దం తగిలి విరిగింది. వాళ్లు డ్రైవరు జీతంలోంచి కట్టమన్నారు. ఇంకెవరొస్తారు చెప్పండి? ఈ మలుపులో ఐదు కార్లు తీయించండి. రెండు ట్రిప్పులు వేసి చూద్దాం."

ఆదివారం పార్కులో మీటింగు పెట్టారు. ఎజెండాలో బస్సు నాలుగోది. ముందు కుక్కలు, తర్వాత సీసీ కెమెరాలు, ఆ తర్వాత వినాయక చవితి చందాలు. నాలుగోదానికి వచ్చేసరికి సగం మంది లేచిపోయారు. ఆవిడ మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని చివరిదాకా ఉంది. మలుపులో ఉన్న కార్లు ఎవరివని అడిగితే ఒక్కరూ మాట్లాడలేదు. సరే, నోటీసు అంటిద్దాం అనుకుని ముగించారు.

ఇంటికి వస్తుంటే దారిలో మనవరాలే చెప్పింది. "నాయనమ్మా, ట్యాంకు దగ్గర తెల్ల కారు మనదే కదా!"

కొడుకు ఆఫీసు కారు, కోడలి కారు రెండూ ఉన్నాయి. అపార్ట్‌మెంట్‌లో ఇచ్చింది ఒక్క జాగా. రెండోది మొదటి నుంచీ అక్కడే పెడుతున్నారు. ఆవిడకు ఆ సంగతి తెలియదు. కార్లన్నీ ఆవిడకు ఒకేలా కనిపిస్తాయి.

రాత్రి అన్నం తింటున్నప్పుడు అడిగింది.

"అబ్బయ్యా, ఆ ట్యాంకు కాడ ఉండేది మన కారేనా?"

"అవునుమా."

"ఎన్నాళ్ల నించి ఉండాది ఆడ?"

"కొన్నకాడ్నించి."

ఆవిడ ఇంకేమీ అనలేదు. మజ్జిగ పోసుకుంది. అతనూ ఏమీ అనలేదు. అమ్మ చెల్లెలి దగ్గరికి పోతానన్నప్పుడల్లా, "ఈ వారం కుదరదుమా, వచ్చే వారం నేనే దింపుతా" అని ఎన్నిసార్లు అన్నాడో లెక్కపెట్టుకుని ఉంటాడు. ఆ వచ్చే వారం ఎప్పుడూ రాలేదు.

బుధవారం నుంచి ఆ తెల్ల కారు వెనక వీధిలో ఖాళీ ప్లాటు పక్కకు మారింది. అక్కడి నుంచి ఇంటికి పది నిమిషాల నడక. కోడలు మొదటి రోజే మ్యాన్‌హోల్ దగ్గర చెప్పు తడుపుకుని వచ్చింది. "అత్తమ్మా, మీరు రోజూ దీన్నెట్టా దాటుతున్నారు?" అని అడిగింది. ఆ రాత్రే మ్యాన్‌హోల్ ఫొటో తీసి కార్పొరేషన్ యాప్‌లో పెట్టింది. నాలుగో రోజు మనుషులొచ్చి బాగుచేసి పోయారు. మళ్లీ పొంగదని కాదు. ప్రస్తుతానికి ఆరి ఉంది.

మిగతా నాలుగింటిలో ఒకటి నోటీసు చూసి తీశారు. ఇంకొకటి అమ్ముడుపోయింది. మూడోదాని యజమాని, బస్సు వచ్చేరోజు చెప్పండి, ఆ రోజు తీస్తానన్నాడు. కారు తీస్తే బస్సు వేస్తామని వాళ్లు, బస్సు వేస్తే కారు తీస్తానని ఈయన. కోడలు వాళ్లింటికి పోయి, వాళ్లావిడతో కాసేపు మాట్లాడి వచ్చింది. ఏం మాట్లాడిందో కానీ మర్నాటికి ఆ కారు లేదు.

ఇప్పుడు ఆవిడ పొద్దున కాఫీ తాగి బాల్కనీలో నిలబడటం లేదు. మెల్లగా దిగి ట్యాంకు దాకా నడిచి వస్తోంది. మలుపులో ఒక్కటి మిగిలింది, గుడ్డ కప్పిన నీలం కారు. కార్లు కడిగే వాచ్‌మన్ని అడిగింది.

"ఎవరిది నాయనా అది?"

"సంఘం సెక్రటరీ సార్‌ది పెద్దమ్మా. ఊరికి పోయిండు. ఆదివారం వస్తడు."

ఇంటికొచ్చి చెల్లెలికి ఫోన్ చేసింది. ఈ ఆదివారం కాదు, పై ఆదివారం వస్తానని చెప్పింది. మనవరాలిని కూడా తీసుకొస్తానంది.