మంచు బండి – కొండ దారి

మన భాషలో ‘మంచు’ అన్న మాట రెండు అర్థములలో వాడుకలో ఉన్నది. లంబసింగి కనుమలో తెల్లవారుజామున కమ్ముకొనేదీ మంచే. కెనడా దేశంలో నెలల తరబడి దారులను మూసివేసేదీ మంచే. ఆ రెండవ మంచుపై నడిచే మోటారు బండ్లను గురించి మొదటిసారి చదివినపుడు, ఇది ధనికుల వినోదమని తలచి పుట మూసివేశాము. మా అభిప్రాయమును మార్చినది సీలేరు దారి.

కొన్నేండ్ల క్రిందట ఒక వానకాలంలో, సీలేరు జలవిద్యుత్ కేంద్రంలో ఉద్యోగం చేస్తున్న మా భాయిజాన్‌ను చూడడానికి నర్సీపట్నం నుండి మోటారు సైకిలుపై బయలుదేరాము. చింతపల్లి దాటి ధారకొండ సమీపమునకు రాగానే, కొండ మీది కాలిబాట నుండి నలుగురు మనుషులు డోలీ దించుతూ కనిపించారు. కర్రకు కట్టిన దుప్పటిలో నెలలు నిండిన స్త్రీ ఉన్నది. ముందున్న పెద్దాయన మా బండిని చూచి, “బాబూ, పిల్లని ఎక్కించుకుంటారా? ఆసుపత్రి శానా దూరం” అన్నాడు. ఆమె కూర్చుండలేదు, పడుకోబెట్టుటకు మా బండిపై చోటు లేదు. వెనుక మరొకరు పట్టుకొని కూర్చుంటే బండి బురదలో నిలువలేదు. రెండు మార్లు ప్రయత్నించిన పిదప ఆ పెద్దాయనే, “వద్దులే బాబూ” అని డోలీ ఎత్తించాడు. ముందుగా పోయి ఆసుపత్రిలో చెప్పుట తప్ప మేము చేయగలిగినది లేకపోయింది. మరునాడు తెలిసింది: తల్లి బ్రతికింది, బిడ్డ దక్కలేదు.

ఆ తరువాతనే మూసిన పుటను మరల తెరిచాము. క్విబెక్ రాష్ట్రంలోని వాల్‌కోర్ట్ గ్రామవాసి జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ 1922లో, పదిహేనేండ్ల వయసులోనే, మోటారుతో మంచుపై కదిలే బండిని చేశాడు. 1934 శీతకాలంలో ఆయన రెండేండ్ల కుమారుడు జబ్బుపడినపుడు, దారులు మూసుకొనిపోగా ఆసుపత్రికి చేర్చలేక, ఆ బిడ్డను పోగొట్టుకొన్నాడు. చక్రం మంచులో కూరుకొనిపోతుంది గనుక, బరువును పరచి మోసే రబ్బరు పట్టాను, దానిని త్రిప్పే పళ్ళచక్రమును రూపొందించి 1937లో పేటెంటు పొందాడు. ఏడుగురు కూర్చునే ఆ బండ్లు వైద్యులకు, తపాలాకు ఉపకరించాయి. 1948లో ప్రభుత్వం దారుల మంచు తీయించ నిర్ణయించగా పెద్ద బండ్లకు గిరాకీ తగ్గింది. తేలికైన ఇంజన్లు లభించిన పిమ్మట 1959లో ‘స్కీ-డూ’ అను చిన్న బండిని తెచ్చాడు. ఆయన 1964లో మరణించినా సంస్థ ఆగలేదు. ఆస్ట్రియాలోని రోటాక్స్ ఇంజన్ల కర్మాగారమును 1970లో చేర్చుకొని, 1973లో కాన్-యామ్ మోటారు సైకిళ్ళను తయారు చేసింది.

మన దేశంలోనూ ఇట్టి ఆలోచన లేకపోలేదు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన ప్రాంతములకు ఫీడర్ అంబులెన్సులన్న పేర మోటారు సైకిళ్ళను ప్రవేశపెట్టింది. 2021లో రక్షణ పరిశోధనా సంస్థ, గాయపడినవారిని వెనుకకు వాల్చి కట్టగల ఆసనముతో ‘రక్షిత’ అను బండిని కేంద్ర రిజర్వు పోలీసు దళమునకు అందించింది.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఇంజనీర్లు కాగలరు. బండి వేగమునకు ముందు దారి వాలును, బురద లోతును, ఎక్కవలసిన మనిషి స్థితిని కొలవండి. అట్లు కొలిచినవారి బండి ఆనాడు మా వద్ద ఉన్నట్లయితే, ఆ పెద్దాయన మరల డోలీ ఎత్తించవలసి వచ్చేది కాదు.