రెండో ఇరుసు

ఆ రాత్రి అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన కారు మా వాకిట్లోంచి కదల్లేదు. నాన్న గేరు వేసి క్లచ్ వదలగానే కింద టక్కుమని ఏదో విరిగింది. ఆక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరిచింది, స్పీడోమీటర్ ముల్లు 20 దాటింది, అంబాసిడర్ మాత్రం ఉన్నచోటే ఉంది. ఆటో దొరికేసరికి 40 నిమిషాలు పట్టింది. ఆ 40 నిమిషాలు ముందే వెళ్లుంటే బతికేదా అని డాక్టర్ని మేమెవరమూ అడగలేదు.

రెండేళ్లు కారు మీద టార్పాలిన్ తీయలేదు. అమ్మేద్దామని ఒకసారి అంటే నాన్న కంచం ముందు నుంచి లేచిపోయారు. మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్తే, వరండాలో పాత పేపర్లో చుట్టిన రెండు యాక్సిల్ షాఫ్టులు కనిపించాయి. బెజవాడ ఆటోనగర్లో వెతికి తెచ్చారట. 2014లోనే ఆ కార్ల తయారీ ఆగిపోయింది.

"విరిగింది ఒకటే కదా నాన్నా, రెండెందుకు?"

"రెండోదీ దాని ఈడుదేగా."

కనుమ మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాం. ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టించారు. హ్యాండ్‌బ్రేకు పట్టేది వెనక చక్రాలనే, వాటిని పైకి లేపాక దానితో పనేముంది? జాకీని నమ్మకుండా హౌసింగ్ కింద దుంగలు పెట్టాం. తుప్పుకి అతుక్కుపోయిన డ్రమ్ముల్ని చెక్క ఆనించి సుత్తితో కొట్టి లాగాం. షాఫ్టు బయటికి జారగానే నల్లటి గేరాయిలు నా చేతుల మీదుగా కారింది.

ఇంజను బలం డిఫరెన్షియల్ దగ్గర చీలి రెండు వైపులకీ పోతుందని అప్పుడు చెప్పారు నాన్న. ఒక షాఫ్టు విరిగితే ఆ వైపు ఊరికే తిరుగుతుంది, బాగున్న చక్రానికి కూడా బలం అందదు. ఇన్నాళ్లూ ఆయన అలాగే ఉన్నారనిపించింది. పైకి అనలేదు.

విరిగిన కొస లోపలే ఉండిపోయింది. బైండింగు వైరుని ఉచ్చులా మెలేసి గంటసేపు తడిమితే వచ్చింది. నాన్న దాన్ని గుడ్డతో తుడిచి, ఎండకి పట్టుకుని చాలాసేపు చూశారు.

"అమ్మాయ్, ఇటు చూడు."

విరిగిన ముఖంలో సగానికి పైగా నల్లగా, నున్నగా అరిగిపోయి ఉంది. మిగతాది మాత్రం గరుకుగా, కొత్తగా విరిగినట్టు ఉంది.

"ఇది ఆ రాత్రి విరగలేదు. ఎప్పట్నించో లోపల విరుగుతానే ఉంది. మనకి కనపళ్లేదు."

ఆయన చెయ్యి వణుకుతోంది. రెండేళ్లలో ఆ రాత్రి గురించి ఆయన మాట్లాడటం అదే మొదలు. నేను పక్కన కూర్చున్నాను. "బీపీ మాత్రలు ఆపేసిందని నాకూ తెలుసు నాన్నా," అన్నాను. అది నేనూ ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రానికి కొత్తవి రెండూ బిగించి, 90 నంబరు ఆయిలు పోశాం. నన్నే నడపమన్నారు. క్లచ్ వదుల్తుంటే ఇద్దరం ఊపిరి బిగబట్టాం. కారు గేటు దాటింది.

విరగని పాత షాఫ్టుకి గ్రీజు రాసి, గుడ్డ చుట్టి, డిక్కీలో పెట్టారు నాన్న.

"ఉండనీ. దారిలో పనికొస్తుంది."