నడిబొడ్డున ఒక బస



జేకేపూర్‌లో పెరిగే తెలుగు పిల్లల సంగతి మీకు తెలియనిది కాదు. ఇంట్లో అమ్మతో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఒడియా, ఇంగ్లీషు, హిందీ. మాట్లాడే తెలుగుకు లోటు లేదు. లోటల్లా చదివే తెలుగుకే. వాచకం మూసిన తరువాత ఆ అక్షరం వారికి ఎక్కడో అరుదుగా గాని కనిపించదు. కనిపించని లిపిని మార్కుల కోసమే నేర్చుకుంటారు. పరీక్ష కాగానే మరచిపోతారు. అప్పుడు తల్లిదండ్రులు "ఈ తెలుగు ఎందుకండీ?" అని అడుగుతారు. ఆ ప్రశ్న అడిగేవారు ఎక్కువైన కొద్దీ తెలుగు తరగతిలో పిల్లలు తగ్గుతారు. పిల్లలు తగ్గితే ఉపాధ్యాయుడూ ఉండడు, తరగతీ ఉండదు.

ఈ ప్రశ్నకు ఉపన్యాసంతో సమాధానం చెప్పలేము. పిల్లలను రెండు రోజులు విజయనగరం తీసుకువెళ్లి, ఊరి నడిబొడ్డున బస చేయించండి. నేను చెప్పదలచుకున్నది ఇంతే.

వెళ్లడం కష్టం కాదు. జేకేపూర్ నుండి ఆటోలోనో బస్సులోనో రాయగడ చేరితే, అక్కడి నుండి విజయనగరం రైలు మార్గంలో సుమారు 140 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ అయితే రెండున్నర, మూడు గంటల ప్రయాణం. పిల్లలను కిటికీల దగ్గర కూర్చోబెట్టండి. సరిహద్దు దాటాక కూనేరు మొదలుకొని ప్రతి స్టేషను పలకనూ వారిచేతే చదివించండి: పార్వతీపురం, సీతానగరం, బొబ్బిలి, గజపతినగరం. 'ర్వ', 'బ్బి' వంటి సంయుక్త, ద్విత్వాక్షరాలకు ఇంతకంటె మంచి అభ్యాసం ఏ పుస్తకంలోనూ దొరకదు. బొబ్బిలి వచ్చినప్పుడు 1757 నాటి యుద్ధం గురించీ, పనస దుంగను తొలిచి చేసే బొబ్బిలి వీణ గురించీ రెండు మాటలు చెప్పండి.

ఇక బస. ఊరి బయట చౌకగా దొరికే గదుల కోసం ఆశపడకండి. అక్కడ దిగితే ప్రతి పనికీ వాహనం ఎక్కాలి; వాహనంలో కూర్చున్న పిల్లవాడు బోర్డులు చదవడు. గంటస్తంభం, మూడు లాంతర్ల ప్రాంతానికి నడిచి వెళ్లగలిగేటట్టు గదులు చూసుకోండి. ముందుగా ఒక పెద్దమనిషి వెళ్లి గదులు, స్నానాల వసతి, మంచినీరు, ఆడపిల్లలకు విడిగా ఏర్పాటు చూసి రావడం అవసరం. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తరువాత వచ్చే మంగళవారం జరుగుతుంది. ఆ రోజుల్లో గది దొరకడం కష్టం, జనసమ్మర్దంలో పిల్లలను కాచుకోవడం మరీ కష్టం. వేరే సమయం ఎంచుకోండి.

ఉదయం ఫలహారానికి వెళ్లేటప్పుడే పాఠం మొదలవుతుంది. హోటలు గోడమీది ధరల పట్టికను పిల్లలే చదివి, పిల్లలే అడిగి తెప్పించుకోవాలి. మందుల దుకాణం, బట్టల కొట్టు, సినిమా గోడపత్రిక, ఎన్నికల రాతలు అన్నీ చదవనివ్వండి. తప్పు చదివితే వెంటనే దిద్దకండి, పక్కవాడు దిద్దుతాడు. ఇంతమంది పెద్దవాళ్లు ఈ లిపిలో వ్యాపారం చేసుకుంటున్నారని వాళ్లకు తెలియడమే ఆనాటి పాఠం.

చూడవలసినవి కూడా దగ్గరలోనే ఉన్నాయి. 1713లో పునాది పడిన కోట. 1919లో వెలసిన సంగీత కళాశాల. దానికి తొలి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు, తరువాత ద్వారం వెంకటస్వామినాయుడు. ఘంటసాల నేర్చుకున్నది అక్కడే అని చెప్పగానే పిల్లల తాతయ్యలకు కూడా ఆసక్తి కలుగుతుంది. గురజాడ అప్పారావు నివసించిన ఇల్లు తప్పక చూపించండి. 'కన్యాశుల్కం' 1892లో మొదట ప్రదర్శించబడినది ఈ ఊళ్లోనే. తెరచి ఉండే వేళలు ముందుగా కనుక్కోండి. రామతీర్థం కొంత దూరం కనుక మరొక ప్రయాణానికి ఉంచుకోండి. రెండు రోజుల్లో అన్నీ చూపించాలనుకుంటే ఏదీ మనసుకు పట్టదు.

గురజాడ ఇంటి దగ్గర నిలబడినప్పుడు ఆయన సహాధ్యాయి గిడుగు రామమూర్తిని తలచుకోవడం మన ధర్మం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించడానికి పాటుపడ్డారు. పర్లాకిమిడి నేడు ఒడిశాలో ఉంది. సవరలు మన రాయగడ జిల్లాలోని గుణుపురం ప్రాంతంలోనూ ఉన్నారు. మన పిల్లలకు తెలుగు చదువు కావాలని అడిగే మనం, సవర పిల్లవాడికీ, కువి మాట్లాడే కోంధు పిల్లవాడికీ అదే న్యాయం ఉందని ఒప్పుకోవాలి. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతున్నది భాషా అల్పసంఖ్యాకుల పిల్లలందరి గురించీ.

ఈ ప్రయాణం విదేశయాత్ర వంటిది కాదని కూడా పిల్లలకు చెప్పండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా జయపురం సంస్థానం విశాఖపట్నం జిల్లాలోనిదే. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఒడియాలోనూ తెలుగులోనూ రచనలు చేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉదారంగా విరాళాలిచ్చారు. రెండు భాషలూ మనవి అనడానికి ఇంతకు మించిన తార్కాణం వద్దు.

అటునుండి ఇటు రాదలచిన ఆంధ్ర ఉపాధ్యాయులకూ నా విన్నపం ఇదే. రాయగడలో బస చేయండి. మజ్జిగౌరమ్మ గుడి, చెకాగుడ దగ్గర నాగావళి మీది వేలాడే వంతెన, హాతిపథర జలపాతం చూపించండి. మీ పిల్లలు కూడా ఒడియా అక్షరాలు నాలుగు గుర్తుపట్టి వెళ్లాలి.

ఖర్చు ఎక్కువ అనుకునే తల్లిదండ్రులకు ఒక మాట. సంవత్సరమంతా తెలుగు గైడు కొనిపెట్టినా పుట్టని కోరిక, ఒక్క వీధిని చదువుకుంటూ నడిస్తే పుడుతుంది. ఆ కోరిక పుట్టిన పిల్లవాడు వచ్చే సంవత్సరం తెలుగు వదలడు. వచ్చే సెలవులకు ముందే మీ బడిలో ఈ విషయం చర్చించండి.