పేరు తెలిసిన కాపరి



ఇంగ్లండు చిత్రకారుడు టర్నర్ 1840లో ఒక బానిసల ఓడను చిత్రించాడు. చూడగానే కంటికి ఆనేది ఎర్రని సూర్యాస్తమయం. కాస్త కిందికి చూస్తే అలల్లో సంకెలతో ఒక కాలు, మునిగిపోతున్న చేతులు!

1781లో జాంగ్ అనే ఓడవారు 130 మందికి పైగా బానిసలను ఇలాగే సముద్రంలోకి తోసి, సరుకు పోయిందని బీమా సొమ్ము అడిగారు.

1860 నుండి ఎందరో తెలుగువారు మద్రాసులో ఓడలెక్కి దక్షిణాఫ్రికా చెరకు తోటలకు కూలికి వెళ్ళారు. బానిసలు కారు, అయినా రిజిస్టరులో ఒక్కొక్కరికి ఒక నెంబరు.

నేడు మన బాన్సువాడ పల్లెల బిడ్డలు గల్ఫ్‌లో ఉన్నారు. మంచి కాపరికి ప్రతి గొర్రె పేరు తెలుసు (యోహాను 10:3). సంఘ ప్రార్థనలో "గల్ఫ్‌వారు" అని సరిపెట్టక, ఒక్కొక్కరిని పేరుపేరున ప్రభువు సన్నిధిలో జ్ఞాపకం చేద్దాం.